పిల్లలకి ఫిట్స్ మందు పట్టించడం: సీసాకీ నోటికీ మధ్య

ఫిట్స్ మందు మొదలుపెట్టిన కొత్తలో తల్లిదండ్రుల భయమంతా మందు మీదే ఉంటుంది. ఇన్నేళ్ళు వాడితే లివర్ ఏమవుతుందో, చదువు మందగిస్తుందేమో అని. నేనూ అలాగే నిద్రలేకుండా గడిపాను. ఏడాది తిరిగేసరికి లెక్క చూసుకుంటే మా పాపని ఇబ్బందిపెట్టినవన్నీ మా చేతులు చేసిన పనులే. ఒకసారి సిరంజిలో తప్పు గీత చూశాం. ఒక రాత్రి నేను వేసేశానని తెలియక మా ఆయన మళ్ళీ వేశారు. ఒకసారి ఊరెళ్తూ సీసా ఫ్రిజ్ మీదే వదిలేశాం.

అందుకే సీసాకీ నోటికీ మధ్య ఏం జరగాలో మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. ఏ మందు, ఎంత డోసు అన్నది మీ డాక్టరుగారు చెప్పాల్సిందే. ఈ మందుల్లో ఒకరి పిల్లాడి డోసు మరొకరి పిల్లాడికి ఎప్పుడూ పనికిరాదు.

ముందు చీటీని లెక్కలోకి మార్చుకోండి

పిల్లలకి డోసు బరువుని బట్టి వేస్తారు. డాక్టరు రాసేది మిల్లీగ్రాముల్లో, మనం సిరంజిలో కొలిచేది ఎంఎల్‌లో. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఈ రెండింటి మధ్యే. సీసా లేబుల్ చదవడం పది నిమిషాల పని, ఆ పది నిమిషాలూ పెట్టండి.

ఉదాహరణకి చీటీలో లెవెటిరసెటమ్ 250 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు అని ఉందనుకోండి. సీసా మీద 1 ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాములు అని ఉంటే, పూటకి పట్టాల్సింది 2.5 ఎంఎల్. ఇది సులువే. వాల్‌ప్రోయేట్ సిరప్ దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి, ఎందుకంటే లేబుల్ మీద లెక్క 5 ఎంఎల్‌కి ఇస్తారు. 5 ఎంఎల్‌లో 200 మిల్లీగ్రాములు ఉంటే 1 ఎంఎల్‌లో ఉండేది 40. చీటీలో 160 అని ఉంటే 4 ఎంఎల్. అదే వాల్‌ప్రోయేట్ 5 ఎంఎల్‌కి 250 మిల్లీగ్రాముల సీసాల్లో కూడా దొరుకుతుంది. అది చేతికొచ్చి, మీరు పాత అలవాటుతో 4 ఎంఎల్ పోస్తే బిడ్డకి వెళ్ళేది 200. ఫెనిటాయిన్ అయితే ఇంకా దారుణం. 5 ఎంఎల్‌కి 30 మిల్లీగ్రాములదీ ఉంది, 125 మిల్లీగ్రాములదీ ఉంది. అంటే అదే గీత వరకు లాగినా నాలుగు రెట్లు తేడా.

కాబట్టి "మా పాపకి 4 ఎంఎల్" అని ఎప్పుడూ గుర్తుపెట్టుకోకండి. "160 మిల్లీగ్రాములు, ఈ సీసాలో 4 ఎంఎల్" అని రెండూ కలిపి గుర్తుపెట్టుకోండి. కొత్త డాక్టరు దగ్గరికో, ఎమర్జెన్సీ వార్డుకో వెళ్ళినప్పుడు "4 ఎంఎల్" అంటే వాళ్ళకి ఏమీ అర్థం కాదు. మందు పేరు, సీసా బలం (అంటే ఎన్ని ఎంఎల్‌కి ఎన్ని మిల్లీగ్రాములు ఉన్నాయో), డోసు మిల్లీగ్రాములు ఈ మూడూ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి, అదే ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

మందు కొనగానే షాపులోనే సీసా చూడండి, ఇంటికొచ్చాక కాదు. పేరు, బలం, గడువు తేదీ మూడూ చూడాలి. అట్ట రంగు మారినా, సీసా ఆకారం మారినా అక్కడే ఆగి "ఇది పోయినసారి ఇచ్చిందేనా?" అని అడగండి. కంపెనీ మారితే మందు పనికిరాదని కాదు. కానీ ఫెనిటాయిన్, కార్బమజెపైన్ లాంటి వాటిలో డాక్టరుకి చెప్పకుండా కంపెనీ మార్చడం మంచిది కాదు, రక్తంలో మందు స్థాయి కొద్దిగా అటూఇటూ అయినా బిడ్డ మీద కనిపిస్తుంది. ఫెనిటాయిన్‌కి ఇంకో చిత్రమైన గుణం ఉంది. ఒక స్థాయి దాటాక డోసు కొద్దిగా పెంచినా రక్తంలో మందు ఉన్నట్టుండి చాలా పెరిగిపోతుంది. అందుకే "నిన్న ఫిట్ వచ్చింది కదా, ఇవాళ అర ఎంఎల్ ఎక్కువ పోద్దాం" అన్న సొంత వైద్యం ఏ మందుతోనూ వద్దు, దీనితో అసలే వద్దు.

పిల్లలు పెరుగుతారు, డోసు మాత్రం కాగితం మీద అక్కడే ఉండిపోతుంది. మూడు నెలలకోసారి బరువు తూచి రాసుకోండి. చెకప్‌కి వెళ్ళినప్పుడు ముందు ఆ అంకె చెప్పండి.

కొలవడం

ఇంట్లో చెంచా వద్దు. మీ ఇంట్లో ఉన్న టీ చెంచాలన్నీ ఒకచోట పేర్చి చూడండి, ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. సీసా మూతకి వచ్చే చిన్న కప్పు కూడా చిన్న డోసులకి పనికిరాదు, రెండు మూడు ఎంఎల్ దగ్గర దాని గీతలు నమ్మలేం. నోటి సిరంజి అడగండి, అంటే సూది లేని, సూది తగిలించడానికి వీల్లేని మందు సిరంజి. సూది సిరంజినే వాడాల్సి వస్తే, ముందు చివర ఉన్న చిన్న పారదర్శకమైన మూత తీసి చెత్తబుట్టలో పారేయండి. అది ఊడి బిడ్డ గొంతులోకి జారిపోగలదు.

సిరంజి సైజు కూడా లెక్కే. 2.5 ఎంఎల్ డోసుకి 10 ఎంఎల్ సిరంజి వాడితే గీత సరిగ్గా తెలియదు. 3 లేదా 5 ఎంఎల్‌ది తీసుకోండి.

ఇక కొలిచే పద్ధతి. చేతులు కడుక్కోండి. సీసాని బాగా కుదపండి. ఫెనిటాయిన్, కార్బమజెపైన్ లాంటివి సస్పెన్షన్లు, మందు పొడి అడుగుకి పేరుకుపోతుంది. కుదపకుండా పోస్తే సీసా మొదట్లో బిడ్డకి పైతేట వెళ్తుంది, మందు తక్కువ. సీసా చివరికొచ్చేసరికి అడుగున ఉన్న చిక్కటిది వెళ్తుంది, మందు ఎక్కువ. సీసా మొదట్లో ఫిట్స్ రావడం, చివర్లో బిడ్డ మత్తుగా ఉండడం కనిపిస్తే, ముందు అనుమానించాల్సింది ఇదే. పది పదిహేను సార్లు తలకిందులు చేసి కుదపండి. మరీ గట్టిగా ఊపితే నురగ వచ్చి గీత కనబడదు, అప్పుడు ఒక నిమిషం ఆగండి.

సీసా మూతికి బిగించే రబ్బరు అడాప్టర్ వస్తే బిగించండి. సిరంజి దానిలో గుచ్చి, సీసా తిప్పిపట్టి, పిస్టన్ మెల్లగా లాగండి. కావాల్సిన గీత కన్నా కొంచెం ఎక్కువ లాగి, గాలి బుడగలు ఉంటే వేలితో తట్టి పైకి తెచ్చి, వాటిని సీసాలోకే నెట్టేసి, అప్పుడు సరిగ్గా గీత దగ్గర ఆపండి. చూడాల్సింది పిస్టన్ నల్ల రబ్బరు పైఅంచు, అంటే మందుని తాకుతున్న అంచు. కింద అంచు చూస్తే డోసు తక్కువ పడుతుంది. మేం చేసిన తప్పు ఇదే. వారం రోజులు రబ్బరు కింద అంచు చూసి కొలిచాం, డోసు తక్కువ వేస్తున్నామని తెలియనే లేదు. సిరంజిని కళ్ళకి ఎదురుగా, కంటి ఎత్తుకి పట్టుకుని చూడండి. పైనుంచి వంగి చూస్తే గీత మోసం చేస్తుంది.

సిరంజి మీద సరైన గీత దగ్గర నెయిల్ పాలిష్‌తో చిన్న గుర్తు పెడితే రాత్రిపూట నిద్రమత్తులో కూడా తప్పు జరగదు. కానీ డోసు మారిన రోజే ఆ సిరంజిని పారేయాలి, గుర్తు చెరిపి వాడకూడదు. వాడిన ప్రతిసారీ పిస్టన్ విడదీసి నీళ్ళతో కడిగి ఆరబెట్టండి. గీతలు చెరిగిపోయినా, పిస్టన్ గట్టిపడినా కొత్తది తీసుకోండి. సీసా తెరిచిన తేదీ లేబుల్ మీద రాయండి. కొన్ని సిరప్‌లు తెరిచాక నెల రెండు నెలలకి మించి వాడకూడదు, ఆ సంగతి లేబుల్ మీదో, లోపలి కాగితంలోనో ఉంటుంది.

పట్టించడం

బిడ్డ కూర్చుని ఉండాలి. పడుకోబెట్టి, ముక్కు మూసి, నోరు తెరిపించి పోయడం ఎవరైనా చేస్తుంటే ఆపేయండి. మందు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది. పసిబిడ్డయితే ఒళ్ళో తల ఎత్తుగా పెట్టుకోండి. సిరంజి కొనని నాలుక మీద కాకుండా బుగ్గకీ చిగుళ్ళకీ మధ్య, పుక్కిట పెట్టి, అర ఎంఎల్ చొప్పున నెమ్మదిగా వదలండి. మింగాక మళ్ళీ కొంచెం. ఒక్కసారిగా గొంతు వైపు నెడితే పొలమారుతుంది, కక్కేస్తుంది, రేపటి నుంచి సిరంజి చూస్తేనే ఏడుపు మొదలవుతుంది.

మందుని గ్లాసెడు పాలల్లోనో, గిన్నెడు అన్నంలోనో కలపకండి. సగం తిని వదిలేస్తే ఎంత మందు లోపలికెళ్ళిందో చెప్పేవాళ్ళు ఉండరు. కలపక తప్పదంటే, ఆ మందు కలపవచ్చో లేదో అడిగి, రెండు చెంచాల మెత్తటి ఆహారంలో కలిపి అప్పటికప్పుడు తినిపించండి. ఏడాదిలోపు బిడ్డకి తేనె మాత్రం వద్దు. రెండు మందులు ఒకే సిరంజిలో పోసి ఒకేసారి ఇచ్చెయ్యడం కూడా వద్దు.

మాత్రల విషయంలో ఒక్కటి ఖచ్చితంగా గుర్తుంచుకోండి. "ఎస్ఆర్", "సీఆర్", "ఎక్స్ఆర్", "క్రోనో" అని పేరు చివర ఉంటే అది మెల్లమెల్లగా విడుదలయ్యే మాత్ర. దంచితే పన్నెండు గంటల మందు ఒక్కసారిగా రక్తంలోకి వెళ్తుంది, రాత్రికి మిగిలేది ఏమీ ఉండదు. పైపూత ఉన్న వాల్‌ప్రోయేట్ మాత్రని దంచినా కడుపులో మంట వస్తుంది. మధ్యలో గీత ఉంది కదా అని సగం చేయవచ్చో లేదో కూడా అడిగే చేయండి. స్ప్రింకిల్ క్యాప్సూల్ అయితే వేరు. దాన్ని తెరిచి లోపలి పూసలని చల్లటి మెత్తటి ఆహారం మీద చల్లి, నమలకుండా మింగించాలి. పూసలు నమిలితే లాభం లేదు.

బిడ్డ మందు మింగడం లేదని డాక్టరుకి చెప్పడానికి మొహమాటపడకండి. రూపం మార్చి ఇవ్వగలరు, ఆ మాట చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఇంకో మాట, మందుని "చాక్లెట్" అని పిలవకండి. ఆ మాట నమ్మిన నాలుగేళ్ళ తమ్ముడు సీసా అందుకుంటాడు. చాలా సిరప్‌లలో పంచదార ఉంటుంది, రాత్రి డోసు తర్వాత నీళ్ళు తాగించి పళ్ళు తోమించండి. కీటో డైట్ (ఫిట్స్ తగ్గించడానికి ఇచ్చే, కొవ్వు ఎక్కువ, పిండిపదార్థాలు బాగా తక్కువ ఉన్న తిండి) మీద ఉన్న పిల్లలకైతే ఆ పంచదార కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి ఏ కొత్త సిరప్ అయినా, దగ్గు మందైనా, డైటీషియన్‌ని అడిగాకే.

టైము, టిక్కు

రోజుకి రెండుసార్లు అంటే సుమారు పన్నెండు గంటల ఎడం. ఉదయం ఎనిమిది, రాత్రి ఎనిమిది అనుకుంటే అటూఇటూ ఒక అరగంట పోయినా భయపడనక్కర్లేదు. రోజూ గంటలు గంటలు జరుపుతూ పోతే మాత్రం మధ్యలో మందు స్థాయి పడిపోతుంది. రాత్రి నిద్రపోయిన బిడ్డని లేపాలా అని చాలామంది అడుగుతారు. లేపండి. లేదంటే డాక్టరుతో మాట్లాడి మెలకువగా ఉండే టైముకి డోసు మార్చుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో జరిగిన రాత్రి సంగతి. ఎనిమిదికి నేను వేశాను. ఎనిమిదిన్నరకి నేను ఫోన్‌లో ఉండగా మా ఆయన పాపని అడిగారు, "మందు వేసుకున్నావా తల్లీ?" అని. పాప లేదంది. రెండో డోసు పడిపోయింది. ఆ రాత్రి ఆసుపత్రికి ఫోన్ చేస్తే, డోసు ఎంతో, బరువు ఎంతో అడిగి, ఏం గమనించాలో చెప్పి ఇంట్లోనే ఉంచమన్నారు. పాప మర్నాడు మధ్యాహ్నం దాకా తూలుతూ నిద్రపోయింది. అన్ని మందులకీ, అన్ని డోసులకీ ఇదే జవాబు రాదు. అందుకే ఎవరికివారు అనుకుని ఊరుకోకుండా ఫోన్ చేయాలి.

మర్నాడే గోడ క్యాలెండర్ దగ్గర పెన్ను దారంతో కట్టాం. మందు బిడ్డ నోట్లో పడ్డాకే టిక్కు. కొలిచినప్పుడు కాదు, పిలిచినప్పుడు కాదు, మింగాక. టిక్కు లేకపోతే వేయలేదని, టిక్కు ఉంటే ప్రాణం పోయినా మళ్ళీ వేయరాదని ఇంట్లో అందరికీ చెప్పాం. అత్తయ్యకి కళ్ళు సరిగా కనబడవని ఆవిడ కోసం మరో ఏర్పాటు చేశాం. రాత్రి డోసు ఉదయమే సిరంజిలో లాగి పెట్టుకోవడం మొదట్లో తెలివైన పనే అనిపించింది, కానీ అన్ని మందులూ అలా ఉంచకూడదు, పైగా లాగి పెట్టిన సిరంజి మీద ఏ మందో రాయకపోతే కొత్త తప్పులు పుడతాయి. చివరికి ఆవిడ మందు జోలికి వెళ్ళకుండా, టైము గుర్తుచేసే బాధ్యత మాత్రమే తీసుకున్నారు. ఫోన్ అలారం కన్నా ఆవిడే నయం.

మరిచిపోతే, కక్కేస్తే

ఈ రెండింటికీ మీ డాక్టరు నుంచి ముందే జవాబు రాయించుకోవాలి. రాత్రి పదకొండింటికి ఎవరూ ఫోన్ ఎత్తరు.

మామూలుగా చెప్పేది ఇది. డోసు మరిచిపోయి కాసేపటికి గుర్తొస్తే వెంటనే వేయండి. తర్వాతి డోసు టైము దగ్గరపడితే పోయినదాన్ని వదిలేసి తర్వాతిదే వేయండి. రెండూ కలిపి ఒకేసారి మాత్రం వేయకండి. రెండు మూడు డోసులు వరుసగా పోయాయంటే ఫోన్ చేయాల్సిందే. లామోట్రిజిన్ వాడుతున్న పిల్లలకి ఇది మరీ ముఖ్యం. ఆ మందు కొన్ని రోజులు ఆగిపోతే పాత పూర్తి డోసుతో తిరిగి మొదలుపెట్టకూడదు, కింది నుంచి మళ్ళీ మెల్లగా ఎక్కించాలి. లేదంటే ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు.

వాంతి విషయంలో, మందు వేసిన అరగంటలోపు కక్కేస్తే అదే డోసు మళ్ళీ వేయమంటారు. అరగంట దాటితే వేయొద్దంటారు. వాంతిలో మాత్ర మొత్తం కనిపిస్తే, లేదా ఎంత పోయిందో తెలియకపోతే అడిగి చేయండి. మళ్ళీ వేసిందీ కక్కేస్తే మూడోసారి వేయకుండా ఫోన్ చేయండి. విరేచనాలు, వాంతులు రోజంతా ఉంటే మందు ఒంటబట్టడం లేదన్నమాట, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. జ్వరం, నిద్ర తక్కువ కావడం, డోసు తప్పడం ఈ మూడూ కలిసిన రోజున ఫిట్ వచ్చే అవకాశం ఎక్కువ.

పక్కన మరో మందు చేరినప్పుడు

జలుబుకో, జ్వరానికో వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు "ఫిట్స్ మందు వాడుతోంది" అని చెబితే చాలదు, పేరు చెప్పండి. కారణాలు చెబుతాను. కార్బమజెపైన్ వాడే పిల్లలకి ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ రకం యాంటీబయాటిక్ ఇస్తే కార్బమజెపైన్ రక్తంలో పేరుకుపోయి, తూలుతూ, ఒకటి రెండుగా కనబడి, వాంతులు చేసుకుంటారు. వాల్‌ప్రోయేట్ వాడే పిల్లలకి ఆసుపత్రిలో మెరోపెనెమ్ రకం ఇంజెక్షన్ ఇస్తే వాల్‌ప్రోయేట్ స్థాయి ఒకట్రెండు రోజుల్లోనే బాగా పడిపోతుంది, ఫిట్స్ తిరగబడతాయి. సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ లాంటివి తమంతట తామే ఫిట్ తెప్పించగలవు. మత్తు తెచ్చే జలుబు మందులతోనూ జాగ్రత్త. వాల్‌ప్రోయేట్‌తో ఆస్పిరిన్ వద్దు. జ్వరానికి పారాసిటమాల్ సరైన డోసులో మామూలుగా ఇవ్వవచ్చు.

ముక్కు గొట్టం ద్వారా ఆహారం తీసుకునే పిల్లలకి ఫెనిటాయిన్ ఇస్తుంటే, ఆహారంతో పాటు పోస్తే మందు సరిగా ఒంటబట్టదు. ఆహారానికీ మందుకీ ఎంత ఎడం ఉంచాలో అడిగి రాసుకోండి.

ఏం గమనించాలి

మొదటి వారాల్లో కొంచెం మగతగా ఉండడం, కడుపులో తిప్పడం చాలా మందులకి మామూలే, చాలావరకు తగ్గిపోతాయి. కింది వాటిలో ఏదైనా కనిపిస్తే మాత్రం అదే రోజు డాక్టరుకి చెప్పండి, మందు మీరే ఆపేయకండి.

దద్దుర్లు అన్నిటికన్నా ముఖ్యం. లామోట్రిజిన్, కార్బమజెపైన్, ఆక్స్‌కార్బజెపైన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్ మొదలుపెట్టిన మొదటి రెండు నెలల్లో ఒంటి మీద ఎర్రటి మచ్చలు వస్తే అది వేడి చేసిందనుకోకండి. జ్వరం, నోట్లో పుళ్ళు, కళ్ళు ఎర్రబడడం, చర్మం పొక్కడం కూడా ఉంటే ఎమర్జెన్సీకి వెళ్ళాలి, ఫోన్ చేసి కూర్చోకూడదు. ఆసియా మూలాలున్న కొందరిలో కార్బమజెపైన్ వల్ల ఈ ప్రమాదం జన్యువు కారణంగా ఎక్కువ. మొదలుపెట్టే ముందు హెచ్ఎల్ఏ-బి 1502 అనే రక్తపరీక్ష చేయాలా అని డాక్టరుని అడగవచ్చు.

వాల్‌ప్రోయేట్‌లో చూడాల్సింది లివర్. తిండి మీద ఇష్టం పోవడం, ఆగకుండా వాంతులు, మునుపెన్నడూ లేని మగత, కళ్ళు పచ్చబడడం, ఉన్నట్టుండి ఫిట్స్ పెరగడం. రెండేళ్ళలోపు పిల్లల్లో ఈ ప్రమాదం ఎక్కువ. విపరీతమైన కడుపునొప్పి వస్తే క్లోమం వాపు కావచ్చు. చిన్న దెబ్బకే కమిలిపోవడం ప్లేట్‌లెట్లు తగ్గాయనడానికి గుర్తు. ఆడపిల్ల ఎదుగుతున్న వయసులో ఉంటే వాల్‌ప్రోయేట్ గురించి డాక్టరుతో విడిగా కూర్చుని మాట్లాడండి, గర్భం వస్తే బిడ్డకి హాని చేసే మందు అది.

లెవెటిరసెటమ్ మొదలయ్యాక నవ్వుతూ తిరిగే పిల్ల చిన్నదానికీ కోపంతో వస్తువులు విసరడం మొదలుపెడితే, అది మీ పెంపకం లోపం అనుకోవద్దు, మందు గుణం కావచ్చు. రాసుకుని చూపించండి. టోపిరమేట్‌లో ఆకలి తగ్గుతుంది, చెమట పట్టడం తగ్గుతుంది, ఎండలో ఆడితే ఒళ్ళు వేడెక్కిపోతుంది, నీళ్ళు ఎక్కువ తాగించాలి. ఫెనిటాయిన్‌లో చిగుళ్ళు పెరుగుతాయి, పళ్ళు శుభ్రంగా తోమాలి. నడకలో తూలడం మొదలైతే డోసు ఎక్కువైందేమో చూపించుకోండి. ఆక్స్‌కార్బజెపైన్‌లో ఒంట్లో ఉప్పు, అంటే సోడియం, తగ్గవచ్చు. తలనొప్పి, వాంతులు, మందకొడితనం దానికి గుర్తులు.

రక్తంలో మందు స్థాయి చూడాలంటే సాధారణంగా ఉదయం డోసు వేయకముందు రక్తం తీయించాలి. సీసా, సిరంజి సంచిలో పెట్టుకుని వెళ్ళి, రక్తం తీసిన వెంటనే డోసు వేయండి.

ఫిట్ వచ్చినప్పుడు నోట్లో ఏమీ పెట్టొద్దు

మందు, నీళ్ళు, చెంచా, వేలు ఏదీ వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి, గడియారం చూడండి. కాళ్ళూ చేతులూ అదిమి పట్టకండి. 5 నిమిషాలు దాటితే డాక్టరు ముందే రాసిచ్చిన ఎమర్జెన్సీ మందు వాడి, అంబులెన్స్‌ని పిలవండి. ఎమర్జెన్సీ మందు లేకపోతే అంబులెన్సే ముందు. ఒకటి ఆగి స్పృహ రాకుండానే ఇంకొకటి వచ్చినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా, నీళ్ళలో ఉండగా వచ్చినా, తలకి దెబ్బ తగిలినా 5 నిమిషాలు ఆగనక్కర్లేదు.

ఆ ఎమర్జెన్సీ మందు మిడజోలామ్ అయితే ముక్కులో కొట్టే స్ప్రేగానో, పుక్కిట వేసేదిగానో ఉంటుంది. డయజెపామ్ అయితే సాధారణంగా మలద్వారంలో వేసేది. నోట్లో పెట్టొద్దన్న మాటకి పుక్కిట వేసే మిడజోలామ్ ఒక్కటే మినహాయింపు, అది మింగించేది కాదు, బుగ్గకీ చిగుళ్ళకీ మధ్య వదిలేది. డాక్టరు దగ్గర నిలబడి ఒకసారి చేసి చూపించమనండి. ఫిట్ ఆగాక బిడ్డ మత్తుగా పడుకుంటుంది, ఊపిరి సరిగా ఉందో లేదో కనిపెట్టి ఉండండి. పూర్తిగా మెలకువ వచ్చి, మామూలుగా మింగగలిగాకే రోజువారీ మందు.

నిల్వ, బడి, ప్రయాణం

మందులు స్నానాల గదిలో, గ్యాస్ స్టవ్ దగ్గర పెట్టకండి. కార్బమజెపైన్ మాత్రలు తేమ పీలిస్తే మూడో వంతు లేదా అంతకన్నా ఎక్కువ శక్తి కోల్పోతాయి, చూడ్డానికి మాత్రం బాగానే ఉంటాయి. తాళం వేసే అరలో, పిల్లల చేతికి అందని ఎత్తులో ఉంచండి. ఇంట్లో ఎవరైనా పొరపాటున ఎక్కువ తాగేస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, సీసా పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి.

పది రోజుల మందు మిగిలి ఉండగానే కొత్తది కొనండి. ప్రయాణంలో మందు చేతి సంచిలో, మీ పక్కన ఉండాలి, సామాన్ల డిక్కీలో కాదు. అవసరానికి మించి మూడు రోజుల మందు ఎక్కువ పెట్టుకోండి, చీటీ ఫొటోతో సహా. బడిలో టీచరుకి ఫిట్ ఎలా ఉంటుందో, ఎన్ని నిమిషాలకి ఏం చేయాలో ఒక పేజీ రాసి ఇవ్వండి. ఏదైనా ఆపరేషన్ కోసం పస్తు ఉండమంటే ఫిట్స్ మందు ఆపాలా అని ముందురోజే అడగండి, చాలాసార్లు ఒక గుక్క నీళ్ళతో వేసేయమంటారు.

ఆపే రోజు వస్తే

మందు ఉన్నట్టుండి ఆపడం అన్నిటికన్నా ప్రమాదం. ఆగకుండా ఫిట్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. "ఆర్నెల్లు బాగుంది కదా" అని ఎవరైనా చెప్తే వినకండి. సుమారు రెండేళ్ళు ఒక్క ఫిట్ కూడా రాకపోతే, ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష), ఫిట్స్ రకం చూసి డాక్టరు ఆపే ఆలోచన చేస్తారు, అదీ వారాలూ నెలలూ పట్టే విధంగా మెల్లగా తగ్గిస్తూ. తగ్గించే పట్టిక పెద్ద అక్షరాల్లో రాయించుకోండి. ఏ తేదీ నుంచి ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని ఎంఎల్ అన్నది అందులో ఉండాలి. ఒక్కో మెట్టు దిగినప్పుడు కొత్త సిరంజి, కొత్త గుర్తు. మందు పూర్తిగా ఆగాక కూడా ఎమర్జెన్సీ స్ప్రేని పారేయకండి, ఎన్నాళ్ళు ఇంట్లో ఉంచాలో డాక్టరుని అడిగి, దాని గడువు తేదీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి.